టీకాదార్ల తరగతిలో నేను రాసిన రజిస్టర్లు

జగదల్‌పూర్‌లో, మశూచి టీకాలు వేసే టీకాదార్ల తరగతిలో చేరేనాటికి నాకు ముప్ఫై నాలుగేళ్ళు. నాతోపాటు చేరిన నలుగురిలో పెద్దవాడికి ఇంకా ఇరవై నిండలేదు. మొదటి రోజు నేను గదిలోకి అడుగుపెడితే, పాఠం చెప్పే డాక్టరుగారే వచ్చారనుకొని నలుగురూ లేచి నిలబడ్డారు. నేను వెళ్ళి వాళ్ళ పక్కన చాప మీద కూర్చున్నాను. ఒకడు పకపకా నవ్వాడు. ఆ రోజు తరువాత వాళ్ళు నాకోసం లేచింది లేదు. అసలు డాక్టరుగారు వచ్చినా సగం సగమే లేచేవారు.

బస్తర్ సంస్థానంలో ఆ కాలంలో మశూచి రాని ఎండాకాలం ఉండేది కాదు. నా మొహం నిండా దాని గుంటలే. నాకు ఐదేళ్ళప్పుడు నాకూ మా అక్కకూ ఒకేసారి అమ్మవారు పోసింది. ఇద్దరినీ వేపాకు పరిచి ఒకే చాప మీద పడుకోబెట్టారు. నేను లేచాను. అక్క లేవలేదు.

మాది భోపాల్‌పట్నం. పెద్దయ్యాక అటువైపు వచ్చే టీకాదార్ల పెట్టె మోసే పని దొరికింది నాకు. వాళ్ళకు హిందీ తప్ప మరో మాట రాదు. పల్లెల్లో తెలుగు, దోర్లీ, గోండీ. వాళ్ళ హుకుం నేను ఇటు చెప్పాలి, వీళ్ళ భయం అటు చెప్పాలి. అలా ఎనిమిదేళ్ళు అడవి దారుల్లో తిరిగాను. పెట్టె మోస్తూ చూసి చూసి, ఈ పని నేను చేస్తే బాగా చేస్తానని నాకు గట్టిగా అనిపించింది. కాని టీకాదారు కావాలంటే హిందీ మిడిల్ పాసవ్వాలన్నారు. ముప్ఫై దాటాక, మీసం కూడా రాని పిల్లల సరసన కూర్చొని ఆ పరీక్ష రాశాను. ఒకసారి తప్పి రెండోసారి గట్టెక్కాను. జగదల్‌పూర్ బయలుదేరే రోజు మా ఆవిడ ఒక్క మాటే అంది.

“పొలం నేను జూసుకుంట. నువ్వు మాత్రం నడుమల ఇడిసిపెట్టి రాకు.”

తొమ్మిది రోజులు పట్టింది ఆ ప్రయాణం. కొంత దూరం బండి, మిగతాదంతా నడక.

తరగతి ఆస్పత్రి వెనక రేకుల గదిలో జరిగేది. పొద్దున రెండు గంటలు పాఠం, తరువాత చేతి పని. పని చూడటానికి చిన్నదే. బిడ్డ జబ్బ సబ్బునీళ్ళతో కడిగి ఆరనివ్వాలి. చర్మం మీద మందు బొట్టు పెట్టాలి. లాన్సెట్టు అనే చిన్న సూదికత్తిని దీపం మంటలో కాల్చి చల్లార్చి, ఆ బొట్టు మీద మెల్లగా తిప్పాలి. చర్మం గీసుకోవాలిగాని నెత్తురు కారకూడదు. కారితే మందంతా దాంతోనే కొట్టుకుపోతుంది. అలా నాలుగుచోట్ల. మందు నీడలో ఆరేదాకా తల్లి కొంగుతో తుడవకుండా చూడాలి. ఎనిమిదో రోజున మళ్ళీ ఆ ఊరికి పోయి పొక్కు లేచిందో లేదో చూసి రజిస్టరులో రాయాలి. పొక్కు లేవకపోతే ఆ టీకా వేసినట్టు కాదు. మందు నింపిన గాజు గొట్టాలకు ఎండ తగలకూడదు. మట్టికుండలో పెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టి, ఆ గుడ్డ ఆరకుండా పూటకు నాలుగుసార్లు తడపాలి.

ఆ నలుగురికీ ఇందులో ఏదీ పట్టలేదు. ఒకడు గుమాస్తా కొడుకు. ఇంకొకడు ఎవరో అధికారి మేనల్లుడు. మూడోవాడు పాఠం మొదలైన కాసేపటికే గోడకు ఆనుకొని నిద్రపోయేవాడు. నాలుగోవాడు కొంట అనే ఊరి నుంచి వచ్చిన తెలుగు షావుకారు కొడుకు. అంగట్లో కూర్చోబెడితే కూర్చోడు, సర్కారు నౌకరీ అయినా చేస్తాడేమోనని తండ్రి పంపించాడు. అంగడి రోజైతే కోడిపందేల దగ్గరే ఉండేవాడు. అందరిలోకీ వాడే నాతో తెలుగులో మాట్లాడేవాడు. మాట తీపి. నవ్వితే కోపం నిలిచేది కాదు.

కుండ గుడ్డ తడిపే వంతు రోజుకొకరిది. ఒక మధ్యాహ్నం వెళ్ళి చూస్తే గుడ్డ అట్టకట్టి ఉంది. కుండ ఎండలోకి వచ్చింది. వంతు అధికారి మేనల్లుడిది. వాడు చెట్టు కింద గవ్వలాడుతున్నాడు.

“మందు చచ్చిపోతుంది. అది వేసినా నీళ్ళు వేసినా ఒకటే” అన్నాను హిందీలో.

“అయితే నీళ్ళే వేద్దాం దాదా, చవక” అన్నాడు. మిగతా ముగ్గురూ నవ్వారు.

ఆ రోజే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. వీళ్ళ సంగతంతా చెప్పాను. ఆయన మంచివాడే, కాని అప్పటికే అలసిపోయిన మనిషి. రోగుల వరస వాకిలి దాటి ఉంది. చేతులు కడుక్కుంటూనే విన్నాడు.

“ఈ తరగతి పెట్టమని రెండేళ్ళు అడిగితే ఇప్పటికి ఒప్పుకున్నారు” అన్నాడు. “ఐదుగురిలో ఒక్కడే పాసైతే పైవాళ్ళు ఏమంటారు? దండగ, మూసెయ్యండి అంటారు. అప్పుడు నీకూ కాగితం రాదు. పెద్దవాడివి. నలుగురినీ కలుపుకొని పో.”

‘కలుపుకొని పో’ అన్న మాటకు నేను చెప్పుకున్న అర్థం ఏమిటో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. వాళ్ళ పని కూడా నేనే చెయ్యాలని అర్థం చేసుకున్నాను.

మరుసటి రోజు నుంచి గుడ్డ తడిపే వంతులన్నీ నావే. పాఠం నోట్సు ఐదు ప్రతులు రాసేవాణ్ణి. లాన్సెట్లు ఐదూ నేనే కాల్చి తుడిచి వరసగా పెట్టేవాణ్ణి. మొదట్లో కడుపు మండేది. తరువాత తరువాత ఆ మంట కూడా పోయింది. నిజం చెప్పాలంటే, దాని స్థానంలో ఒక గర్వం వచ్చింది. నేను లేకపోతే ఈ గది నడవదు అనే గర్వం. వాళ్ళు నన్ను ముసలాడని పిలిచినా, నోట్సు కోసం నా చుట్టూ తిరుగుతుంటే లోపల బాగుండేది. వాళ్ళు ఎంత పనికిమాలినవాళ్ళయితే నేను అంత గొప్పవాణ్ణయ్యేవాణ్ణి.

చలికాలం మొదలవగానే ఊళ్ళకు పంపారు. గుమాస్తా కొడుకూ, అధికారి మేనల్లుడూ, గోడకు ఆనుకొని నిద్రపోయేవాడూ ఒక జట్టు. కొంట అబ్బాయీ నేనూ ఒక జట్టు. జగదల్‌పూర్ చుట్టుపక్కల పల్లెలు. మొదటి ఊళ్ళో నేను టీకాలు వేస్తుంటే వాడు పటేలు మంచం మీద కూర్చొని పిల్లలకు బెల్లం ముక్కలు పంచాడు. రెండో ఊళ్ళోనూ అంతే. మూడో ఊళ్ళో నాకు ఒళ్ళు మండింది.

“ఇయ్యాల నువ్వు వెయ్యాలె. దిగు కిందికి” అన్నాను.

వాడి మొహంలో నవ్వు పోయింది. ఒక తల్లి ఆరునెలల బిడ్డను ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. వాడు లాన్సెట్టు పట్టుకున్నాడు. బిడ్డ కెవ్వుమంది. వాడు గట్టిగా నొక్కాడు. నెత్తురు బొటబొటా కారి తల్లి వేళ్ళ మీద పడింది. వాడు లాన్సెట్టు వదిలేసి, గుడిసె పక్కకు పరుగెత్తి వాంతి చేసుకున్నాడు.

వాడికి నెత్తురు చూస్తే భయం. బద్ధకమూ ఉంది, కాదనను. కాని దాని కింద ఉన్నది భయం. అది నా కళ్ళారా చూశాను. నాలుగు రోజులు పక్కన కూర్చోబెట్టుకొని, మణికట్టు పట్టుకొని తిప్పిస్తే వచ్చే పని అది. పెట్టె మోసే రోజుల్లో నాకూ ఒక ముసలి టీకాదారు అలాగే నేర్పాడు.

నేను అలా చెయ్యలేదు. ఎండ ఎక్కుతోంది, ఇంకా ఇరవై మంది పిల్లలున్నారు. వాడు మూతి తుడుచుకుంటూ తిరిగి వచ్చి లాన్సెట్టు తీసుకోబోతే నేనే లాక్కున్నాను.

“లే. నీతోని కాదు. నేను వేస్త, నువ్వు పేర్లు రాయి.”

వాడు బతికిపోయినట్టు చూశాడు. “నువ్వు దేవునివన్నా” అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను.

ఆ చలికాలమంతా వాడి వంతు టీకాలు నేనే వేశాను. ఎనిమిదో రోజు వెళ్ళి పొక్కులు చూసింది నేనే. వాడి రజిస్టరు వాడి చేతిరాతలా కొంచెం ఎడమకు వాల్చి రాసింది కూడా నేనే. రెండో జట్టువాళ్ళు ఊళ్ళకు వెళ్ళారో లేదో నాకు తెలియదు. వాళ్ళ రజిస్టర్లలో ఖాళీలు ఉంటే, ఎలా నింపితే నమ్ముతారో చెప్పాను.

పరీక్ష రోజు డాక్టరుగారు రజిస్టర్లు తిరగేశారు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఒక్కొక్కరినీ ఒక బిడ్డకు టీకా వెయ్యమన్నారు. కొంట అబ్బాయి వంతు వచ్చేసరికి, వాడికి ఆ పొద్దుటి నుంచి జ్వరం, చెయ్యి నిలవడం లేదని నేను చెప్పాను. వాడి రజిస్టరు చూశారుగా అన్నాను. ఆయన నా మొహం చూశాడు, రజిస్టరు చూశాడు, సంతకం పెట్టాడు. ఐదుగురమూ పాసయ్యాం.

ఎవరు ఏ ఊళ్ళు తిరగాలో సర్కిళ్ళు పంచినప్పుడు ఆవపల్లి వైపు సర్కిలు నాకు ఇమ్మని అడిగాను. ఆ ఊళ్ళూ ఆ మాటా నాకు తెలుసు. కాని తెలుగువాణ్ణి ఒకణ్ణి అటు వేసేశామన్నారు. ఆ తెలుగువాడు కొంట అబ్బాయి. నన్ను ఉత్తరాన కొండగావ్ దిక్కున వేశారు. విడిపోయే రోజు వాడు నా కాళ్ళకు దండం పెట్టాడు.

“ఎట్ల జెయ్యాలె అన్నా అక్కడ, ఒక్కణ్ణే?” అన్నాడు.

“చేస్తే అదే వస్తది” అన్నాను.

మరుసటి ఏడాది ఎండాకాలం ఆవపల్లి దిక్కున అమ్మవారు దిగిందని కబురు వచ్చింది. అటు మాట తెలిసినవాడు కావాలని నన్ను పంపారు. కొత్త మందు కుండలో పెట్టుకొని, బీజాపూర్ దాకా బండి మీద, అక్కడి నుంచి నడిచి వెళ్ళాను. ఇప్పపూలు రాలే రోజులు. మామూలుగా అయితే ఆ వేళకు చెట్ల కింద ఆడవాళ్ళూ పిల్లలూ బుట్టలతో ఉండాలి. పూలు నేల మీదే పడి మురుగుతున్నాయి. ఏరేవాళ్ళు లేరు.

తర్రెం పోయే దారిలో ఒక పల్లె మొదట్లో బాటకు అడ్డంగా ముళ్ళకంప వేసి, వేపమండలు కట్టి ఉన్నాయి. బయటివాళ్ళు రావద్దని గుర్తు. కంపకు ఇవతల నిలబడి కేకేశాను. కాసేపటికి ఒక మనిషి వచ్చాడు. నా వయసువాడే. నా మొహం మీద గుంటలు చూసి కంప కొంచెం జరిపాడు. తల్లి చూసి వదిలేసిన మనిషి కాబట్టి నావల్ల కీడు రాదనుకున్నాడేమో.

బీజాపూర్ కచేరీ నుంచి ఆ ఊరి రజిస్టరు నకలు తెచ్చుకున్నాను. అందులో నలభైకి పైగా పేర్లున్నాయి. ప్రతి పేరు ఎదుటా ‘నాలుగు పొక్కులు, మంచివి’ అని ఉంది. పిల్లల్ని పిలవమన్నాను. లేవగలిగినవాళ్ళు వచ్చారు. ఒక్కొక్కరి జబ్బా ఎత్తి చూశాను. రెండు జబ్బలూ చూశాను. నున్నగా ఉన్నాయి. ఒక్కరికీ మచ్చ లేదు.

ఆ మనిషి తన గుడిసెకు తీసుకుపోయాడు. రజిస్టరులో అతని పిల్లలు ముగ్గురున్నారు. ఇద్దరిని అప్పటికే పూడ్చాడు. మూడోది ఆడపిల్ల, చాప మీద ఉంది. కళ్ళు రెండూ మూసుకుపోయాయి. తల్లి వేపమండతో ఈగలు తోలుతోంది.

“టీకా బాబు రాలేదా?” అన్నాను.

“వచ్చిండు. మంచిగ మాట్లాడిండు. పిలగాండ్లకు బెల్లం పెట్టిండు. పేర్లడిగి రాసుకున్నడు” అన్నాడు. “పేరు రాస్తే తల్లి రాదనుకున్నం బాబూ. సర్కారు కాగితంల ఉన్నంక రాదనుకున్నం” అన్నాడు.

జబ్బు రాని పిల్లలకు ఆ సాయంత్రంలోగా టీకాలు వేశాను. ఆ ఆడపిల్లకు చెయ్యగలిగింది ఏమీ లేదు. మూడో రోజు పోయింది.

కొంట అబ్బాయి ఆవపల్లిలో సర్కారు పాకలో ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. సగం మనిషయ్యాడు. మూలన మందు కుండ ఉంది. గుడ్డ ఎండి కుండకు అతుక్కుపోయింది. మూత తీసి చూశాను. గొట్టాలు వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి, సీలు కూడా తియ్యలేదు.

“ఎంతమందికి వేసినవ్?” అన్నాను.

“వెయ్యలే అన్నా. ఒక్కరికి గూడ వెయ్యలే.”

“ఏడాదిసంది ఏం జేసినవ్ రా మరి?”

“రోజూ పోదామనే బయలెల్లేటోణ్ణి. బిడ్డను ముంగట కూసోబెడితే చెయ్యి లేస్తలేదు. పేర్లు రాసుకొని వస్తుంటి.”

చెంప మీద కొట్టాను. వాడు పక్కకు కూడా జరగలేదు.

“రాదని చెప్పొచ్చు గదరా! డాక్టరుకు చెప్పొచ్చు, కచేరీల చెప్పొచ్చు!”

“ఏమని చెప్తా?” అన్నాడు వాడు. గొంతు పెంచలేదు. “రజిస్టరు నిండ నేనే వేసినట్టుండె. పాసైతిని. రాని పని వచ్చినట్టు నువ్వే రాసిస్తివి. ఇగ నేను ఎవలకు జెప్పుకోవాలె?”

ఎనిమిదేళ్ళు పెట్టె మోసినప్పుడు టీకాదార్లు నన్ను చాలా మాటలన్నారు. ఏదీ అంత లోతుకు దిగలేదు. ఆ పాక గడప మీద కూర్చున్నాను. వాడు నీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు. తాగలేదు.

మరుసటి పొద్దున వాణ్ణి వెంట తీసుకొని ఊళ్ళమీద పడ్డాను. ఇంకా అమ్మవారు దిగని పల్లెలు కొన్ని మిగిలాయి. మొదటి పల్లెలో బిడ్డను కూర్చోబెట్టి వాడి చేతికి లాన్సెట్టు ఇచ్చాను. వాడి మణికట్టు నా చేత్తో పట్టుకున్నాను. “నొక్కకు. బరువు నీది గాదు, సూదిదే. తిప్పు, అంతే” అన్నాను. మొదటి బిడ్డకు నెత్తురు చిమ్మింది. రెండో బిడ్డకూ వచ్చింది. వాడు కళ్ళు మూసుకున్నాడు. తెరవమన్నాను. మూడో రోజుకు నా చెయ్యి తీసేశాను. పదో రోజుకు వాడు ఒక మూల, నేను ఒక మూల కూర్చొని వేస్తున్నాం. ఎనిమిదో రోజు చూపుకు వెళ్తే వాడు వేసిన టీకాలు నా టీకాల్లాగే పొక్కాయి. వాడు ఒక పిల్లవాడి జబ్బ పట్టుకొని ఆ పొక్కుల వంక అలా చూస్తూ నిలబడిపోయాడు. వాడికి ఆ పని నేర్పడానికి మూడు రోజులు పట్టింది. జగదల్‌పూర్‌లో మా దగ్గర ఎన్ని నెలలున్నాయో లెక్కపెట్టుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

వాన పడే వేళకు జబ్బు తగ్గింది. అప్పటికి ఎన్ని ఊళ్ళల్లో ఎందరు పోయారో నేను చెప్పలేను. పాటల్లేవు, సంత లేదు. కొన్ని ఇళ్ళకు తలుపు దడి కట్టేవాళ్ళే లేరు.

నివేదిక నేనే రాయాలి. రజిస్టరులో రాసినదంతా అబద్ధమని, ఒక్క జబ్బ మీదా మచ్చ లేదని రాశాను. అది రాయక తప్పదు. కాని శిక్షణలో వాడి రజిస్టరు రాసింది నేనేనని రాయలేదు. పరీక్ష రోజు వాడికి జ్వరం లేదని రాయలేదు. రాద్దామని కలం పట్టుకున్నాను. ఇంటి దగ్గర మా ఆవిడ, ముప్ఫై దాటాక చదివిన ఆ చదువు, కష్టపడి సంపాదించిన కాగితం కళ్ళ ముందు మెదిలాయి. కలం కడిగి పెట్టేశాను.

విచారణ బీజాపూర్ కచేరీలో జరిగింది. నన్నూ పిలిపించారు. అధికారి రజిస్టరు వాడి ముందు పడేసి, “పాసైనవాడివే కదా, పని రాదంటావేం? నీకు నేర్పిందెవరు?” అని గద్దించాడు.

వాడు నావైపు చూడలేదు. నేల చూపులు చూస్తూ, “నాకెవరూ నేర్పలేదు సాబ్” అన్నాడు.

నేను గోడ వారన నిలబడి ఉన్నాను. నోరు తెరవడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాదని తెలుసు. తెరవలేదు. ఆ మాటతో వాడు నన్ను కాపాడాడో, నా మీద నేరం మోపాడో అప్పుడూ తేల్చుకోలేకపోయాను, ఇప్పుడూ తేల్చుకోలేను.

వాణ్ణి నౌకరీ నుంచి తీసేశారు. కచేరీ బయట చింతచెట్టు కింద మూట సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్ళాను. ఏదో ఒకటి అనాలి. ఏమనాలో తెలియక, “ఇప్పుడు పని వచ్చింది గదరా నీకు” అన్నాను.

“వచ్చిందన్నా” అన్నాడు. మూట భుజాన వేసుకొని కొంట దారి పట్టాడు. అక్కడ తండ్రి అంగట్లో కూర్చున్నాడని తరువాత ఎవరో చెప్పారు. నేను మళ్ళీ చూడలేదు.

వాడి సర్కిలు నాకు ఇచ్చారు. నేను అడిగిన సర్కిలే అది. సంస్థానం పోయి కొత్త సర్కారు వచ్చేదాకా, వచ్చిన తరువాత కూడా కొన్నేళ్ళు ఆ ఊళ్ళల్లోనే తిరిగాను. ఎనిమిదో రోజు చూపు ఒక్కటీ తప్పలేదు. పని బాగా చేశానని పైవాళ్ళు మెచ్చుకున్నారు. ఆ తర్రెం దారి పల్లెలో ఇద్దరు పిల్లల్ని పూడ్చిన మనిషి, మూడోదాన్ని నా ఎదుటే పూడ్చిన మనిషి, నేను వెళ్ళినప్పుడల్లా మంచం వాల్చేవాడు, ఇప్పసారా పోసేవాడు. ఆ టీకా బాబును పాసు చేయించింది నేనేనని అతనికి చెప్పలేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు.